తొలి నిమిషం: డాక్టర్ వర్జీనియా ఆప్గార్ జీవితం

(బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

కొందరి పేర్లు రోడ్లకు పెడతారు, కొందరివి కాలేజీలకు పెడతారు. కొందరి పేరు మాత్రం వాళ్ళు చేసిన పనికే పేరైపోతుంది. వోల్టు వెనుక వోల్టా అనే ఆయన, ఓం వెనుక ఓం అనే ఆయన ఉన్నారని ఇంటర్ ఫిజిక్సు చదివిన వాళ్ళందరికీ తెలుసు. అలాంటి పేరే ఆప్గార్. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ దవాఖానలో బిడ్డ పుట్టినా ఒక నిమిషం గడిచేసరికి ఆ పేరు మీద ఒక అంకె వేస్తారు. అది ఒక మనిషి పేరని, అందులోనూ ఒక స్త్రీ పేరని నాకు రెండేళ్ళ క్రితం వరకు తెలియదు. మన యూనియన్ వార్షిక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆమె కథే రాయాలనిపించింది.

వర్జీనియా ఆప్గార్ 1909 జూన్ 7న అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టింది. తండ్రి ఛార్లెస్ ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగి. ఉద్యోగం బతుకుతెరువు మాత్రమే, ఆయన మనసంతా రేడియో మీద, నక్షత్రాల మీద. ఇంటి కింది గదిలో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఇంట్లో అందరూ ఏదో ఒక వాయిద్యం వాయించేవారు. కాని ఆ ఇంట్లో జబ్బులు కూడా ఉన్నాయి. ఒక అన్న చిన్నతనంలోనే క్షయతో చనిపోయాడు, ఇంకో అన్నకు ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు. సైన్సు, సంగీతం, జబ్బుపడిన పిల్లలు. ఈ మూడూ ఆమె జీవితాంతం ఆమె వెంటే నడిచాయి.

1925లో మౌంట్ హోలియోక్ కాలేజీలో చేరి జువాలజీ చదివింది. డబ్బు చాలక రకరకాల చిన్న పనులు చేసింది. అందులో ఒకటి ఫిజియాలజీ లాబుకు పిల్లులు పట్టి తేవడం! అది చేస్తూనే ఆటల్లో ఉంది, కాలేజీ పత్రికలో ఉంది, ఆర్కెస్ట్రాలో ఉంది. చదువుకు టైము దొరకలేదని సాకు చెప్పే మాబోటి వాళ్ళం సిగ్గుపడాల్సిన సంగతి. 1929లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో సీటు వచ్చింది. తొంభై మంది తరగతిలో ఆడపిల్లలు తొమ్మిది మందే. ఆమె చేరిన నెలకే అమెరికా షేరు మార్కెట్టు కూలి దేశమంతా కరువు పాలైంది. అప్పులు చేసి చదివి 1933లో నాలుగో ర్యాంకుతో బయటికి వచ్చింది.

సర్జన్ కావాలని ఆమె కోరిక. ఆపరేషన్ పనిలో చేయి తిరిగిందని అందరూ ఒప్పుకున్నారు కూడా. కాని ఆమె గురువు, పెద్ద సర్జన్ ఆలెన్ విపుల్, ఆమెను కూర్చోబెట్టి వేరే దారి చూపాడు. ఆడ సర్జన్ దగ్గరికి రోగులు రావడం కష్టమని, తాను తయారు చేసిన స్త్రీలు నిలదొక్కుకోలేకపోయారని, మత్తు ఇచ్చే శాస్త్రం వెనకబడి ఉంది కనుక అందులోకి వెళ్ళమని సలహా ఇచ్చాడు. అప్పట్లో అమెరికాలో మత్తు ఇవ్వడం డాక్టర్ల పని కాదు, ఎక్కువగా నర్సులే ఇచ్చేవారు. మంచి సలహానో, తలుపు మూయడమో, రెండూనో! ఆప్గార్ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. 1937లో విస్కాన్సిన్‌లో రాల్ఫ్ వాటర్స్ దగ్గర, తర్వాత న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో రోవెన్‌స్టైన్ దగ్గర ఆ విద్య నేర్చుకుంది. ఆడ డాక్టర్లకు ఉండడానికి గది కూడా సరిగా లేని రోజులవి.

ఈ మత్తు విద్యకు మన హైదరాబాదుతో పాత చుట్టరికం ఉంది. ఆప్గార్ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు, 1888లో, 1889లో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. ఆరవ నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చాడు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. మత్తులో ఉన్న మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది తగువు. ఊపిరే ముందు ఆగుతుంది, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకుండా ఊపిరి చూడండి అని లారీ వాదం. క్లోరోఫారం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి, అంటే లారీ సగమే గెలిచాడు. కాని గాలి పోయే దారి తెరిచి ఉంచాలి, ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలి అన్న మాట నిలిచింది. లారీ నడిపిన హైదరాబాదు మెడికల్ స్కూల్లోనే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివి 1889లో పాసై, మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. ఆ పనిచేసిన తొలి మహిళా డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు. దూరదేశపు ఆప్గార్ నేర్చుకున్నది కూడా ఈ విద్యే. మత్తు డాక్టరు కన్ను కత్తి మీద ఉండదు, ఊపిరి మీద ఉంటుంది.

1938లో కొలంబియాకు తిరిగి వచ్చి మత్తు విభాగానికి అధిపతి అయ్యింది. పేరుకే అధిపతి, చాలా ఏళ్ళు ఆ విభాగంలో డాక్టరంటూ ఆమె ఒక్కతే. పదకొండేళ్ళు కష్టపడి దాన్ని పెంచింది. 1949లో అది పూర్తి స్థాయి డిపార్టుమెంటు అయినప్పుడు హెడ్డు పదవి ఒక మగ డాక్టరుకు పోయింది. ఆమెకు ప్రొఫెసర్ హోదా ఇచ్చారు. ఆ వైద్య కళాశాలలో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమే. ఆఫీసు పని తప్పింది కనుక ఆమె కాన్పుల గదికి పోయింది. ఆ పోవడమే చరిత్ర అయ్యింది.

కాన్పుల గదిలో ఆమె చూసిందేమిటి? దవాఖానలు పెరిగాయి, మందులు వచ్చాయి, పిల్లల చావులు మొత్తం మీద తగ్గాయి. కాని పుట్టిన మొదటి 24 గంటల్లో పోయే పిల్లల సంఖ్య మాత్రం తగ్గడం లేదు. ఎందుకంటే బిడ్డ బయట పడగానే అందరి కళ్ళూ తల్లి మీదే. బిడ్డను ఎవరో ఒకరు పక్కకు తీసుకుపోయేవారు. ఏడిస్తే సరే. ఏడవకుండా నీలంగా, మెత్తగా పడి ఉంటే, నెలలు నిండలేదనో, బతకదనో వదిలేయడం కూడా ఉండేది. ఒక డాక్టరు బాగుందన్న బిడ్డనే ఇంకో డాక్టరు బాగా లేదనేవాడు. కొలబద్ద లేదు.

ఒకరోజు కాంటీనులో టిఫిను చేస్తుండగా ఒక వైద్య విద్యార్థి, పుట్టిన బిడ్డ పరిస్థితిని ఎట్లా అంచనా కట్టాలని అడిగాడట. అది తేలికేనంటూ చేతికందిన కాగితం మీద అయిదు అంశాలు రాసి, వెంటనే కాన్పుల గదికి వెళ్ళి పరీక్షించడం మొదలుపెట్టిందని చెబుతారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎట్లా తీస్తోంది, కాళ్ళూ చేతులూ ముడుచుకుంటోందా, ముక్కులో సన్నని గొట్టం తగిలిస్తే తుమ్ముతోందా, ఒంటి రంగు ఎట్లా ఉంది. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. మొత్తం పదికి. ఉదాహరణకు గుండె నిమిషానికి వంద దాటితే రెండు, వందలోపైతే ఒకటి, లేకుంటే సున్నా. గట్టిగా ఏడిస్తే రెండు, ఆగి ఆగి ఊపిరి తీస్తే ఒకటి, తీయకపోతే సున్నా. పుట్టిన ఒక నిమిషానికి వేయాలి. కాన్పు చేసిన మనిషి కాకుండా వేరేవాళ్ళు వేయాలి, ఎవరి పనికి వాళ్ళే మార్కులు వేసుకుంటే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు గదా.

దీన్ని 1952లో ఒక సభలో చెప్పింది, 1953లో అచ్చు వేసింది. అప్పటికి మార్కులు వేసిన పిల్లలు 1,021 మంది. తర్వాత తోటి డాక్టర్లు హాలడే, జేమ్స్‌లతో కలిసి బిడ్డ బొడ్డు రక్తనాళం నుంచి రక్తం తీసి ఆక్సిజన్, ఆమ్లం కొలిచింది. తక్కువ మార్కులు వచ్చిన పిల్లల రక్తంలో ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ. అప్పటిదాకా పుట్టగానే కొంచెం ఊపిరాడకపోతే ఏం కాదని నమ్మేవారు. ఆ నమ్మకం పోయింది. 1958 నాటికి పదిహేను వేలకు పైగా పిల్లల లెక్క తేలింది. తల్లికి ఇచ్చే సైక్లోప్రొపేన్ అనే మత్తు గ్యాసు బిడ్డ ఊపిరిని మందగింపజేస్తుందని ఈ లెక్కల్లోనే బయటపడింది. ఆ గ్యాసు ఆప్గార్‌కు చాలా ఇష్టమైనది. అయినా లెక్క చూసిన తర్వాత కాన్పుల్లో దాన్ని వాడడం మానేసింది. ఆమెలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

మార్కు వేయడంతో పని అయిపోదు. మార్కు వేయాలంటే చూడాలి, చూస్తే ఊరుకోలేరు, ఏదో ఒకటి చేయాలి. అందులోనే దాని బలం ఉంది. సున్నా మార్కు బిడ్డకు ఊపిరి పోసి అయిదు నిమిషాలకు మళ్ళీ మార్కు వేస్తే ఏడు వచ్చిందనుకోండి, ఆ డాక్టరు ఇంకో బిడ్డను పక్కన పెట్టడు. అందుకే అయిదో నిమిషం మార్కు కూడా అలవాటైంది.

మాది వ్యవసాయ కుటుంబం. బర్రె ఈనినప్పుడు దుడ్డె కదలకుంటే మా బాపు ముందు చేసే పని ముక్కులో, నోట్లో జిగురు వేళ్ళతో తీయడం, తర్వాత గడ్డితో ఒళ్ళంతా రుద్దడం. ఎవరూ నేర్పింది కాదు, తాతల నాటి నుంచి వస్తున్నది. అదీ గాలి దారి తెరవడమే. కాని మనిషి బిడ్డ విషయంలో, అందులోనూ నెలలు నిండని బిడ్డ విషయంలో, అంత మోటుతనం పనికిరాదు.

ఆ సంగతి నేను దగ్గర నుంచి చూసింది మా అక్క బిడ్డతోనే. ఏడో నెలలో కాన్పయ్యింది, బరువు కిలో మూడు వందల గ్రాములు. పుట్టిన వెంటనే పిల్లల ఐ.సి.యు.లో పెట్టిండ్రు. కాగితం మీద ఆప్గార్ అని రాసి ఒక నిమిషానికి 4, అయిదు నిమిషాలకు 7 అని ఉంది. పదికి నాలుగంటే మాకు పరీక్షల్లో అత్తెసరు పాసు, ఇంటిల్లిపాదీ భయపడ్డం. అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఇది బిడ్డ తెలివికి మార్కు కాదు, రేపటి బతుకుకు జాతకం కాదు, ఆ నిమిషంలో ఎట్లా ఉందో చెప్పేది మాత్రమే. నెలలు నిండని బిడ్డకు కండ బలం, కదలిక ఎట్లాగూ తక్కువ, కాబట్టి మార్కూ తక్కువే వస్తుంది. నిమిషం దాకా మార్కు కోసం ఎదురుచూడడం కూడా లేదట. ఊపిరి తీయకపోతే అంతకు ముందే పని మొదలుపెడతారు.

అక్కడ నర్సమ్మలు చేసే పని అద్దంలోంచి చూసిన. బిడ్డకు తల పెద్దది, మెడ మెత్తనిది. తల ముందుకు వాలితే గొంతు మడతపడి గాలి ఆగుతుంది, మరీ వెనక్కి వంచినా ఆగుతుంది. అందుకని భుజాల కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టి మెడను నిదానంగా సరిచేసేవారు. ఊపిరితిత్తుల్లో గాలి బుడగలు మూతపడకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే జిగురు పదార్థం నెలలు నిండని పిల్లల్లో చాలినంత ఉండదు. అది తక్కువ కావడమే ఆ పిల్లల ఊపిరి జబ్బుకు మూలమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ కనుక్కున్నారు. ఊపిరి విడిచినప్పుడు ఆ బుడగలు అతుక్కుపోతాయి, మళ్ళీ తెరవడానికి బిడ్డ చాతీ డొక్కలు ఎగరేస్తుంది. ముక్కు దగ్గర చిన్న గొట్టాలు పెట్టి ఎప్పుడూ కొంచెం ఒత్తిడితో గాలి పంపితే అవి మూతపడవు. ఈ సీపాప్ పద్ధతిని 1971లో జార్జి గ్రెగరీ లోకానికి చూపాడు.

అదీ చాలకపోతే గొంతులో గొట్టం వేయాలి. కిలోలోపు బిడ్డకు వేసే గొట్టం లోపలి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు, అంటే బాల్ పెన్ను రీఫిల్ అంత. అంత చిన్న బిడ్డ గాలి గొట్టం పొడవే నాలుగు సెంటీమీటర్లు ఉండొచ్చు. లోపలికి అర సెంటీమీటరు జారితే గొట్టం కుడి ఊపిరితిత్తిలోకే పోయి ఎడమది ఖాళీగా ఉంటుంది, బయటికి జారితే మొత్తమే ఊడుతుంది. పెదవి దగ్గర గుర్తు ఎంత ఉందో పూటపూటా చూసి రాయడం, టేపు వదులు కాకుండా చూడడం, గొట్టంలో జిగురు ఉందని తేలినప్పుడే కొన్ని సెకన్లలో తీసేయడం, ఇవన్నీ నర్సు చేతిలోనే ఉంటాయి. ఒకప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకూ ముక్కు, నోరు పీల్చి తీసేవారు. ఇప్పుడు దారికి అడ్డం ఉంటే తప్ప తీయవద్దంటున్నారు. ఆక్సిజన్ కూడా అంతే. 1940లు, 50లలో అతిగా ఇచ్చినందువల్ల వేలాది పిల్లల చూపు పోయింది. తక్కువైతే ప్రాణానికి, ఎక్కువైతే కంటికి ముప్పు. అందుకే కొలుస్తూ ఇస్తారు.

ఇవన్నీ రావడానికి ముందు ఎట్లా ఉండేదో ఒక్క ఉదాహరణ చాలు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి నెలలు నిండకుండా ఒక కొడుకు పుట్టాడు. రెండు కిలోల పైచిలుకు బరువు. 39 గంటలకే ఊపిరాడక చనిపోయాడు. ఆ దేశంలో ఉన్న వైద్యమంతా వాకిట్లో నిలబడ్డా బతికించలేకపోయింది. ఇవాళ అదే బరువున్న రైతు బిడ్డ, కూలి బిడ్డ సర్కారు దవాఖానలో బతికి ఇంటికి పోతున్నది. మా అక్క బిడ్డ ఇప్పుడు ఇల్లంతా పాకుతున్నది.

ఆప్గార్ సంగతికి వస్తే, యాభై ఏళ్ళ వయసులో ఆమె మళ్ళీ విద్యార్థి అయ్యింది. 1959లో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివింది. అదే ఏడు మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థలో చేరి, పుట్టుకతో వచ్చే లోపాల మీద పనిచేసింది. ఊరూరా తిరిగి తల్లులతో మాట్లాడింది. 1964-65లో అమెరికాలో రుబెల్లా వ్యాపించి వేలాది పిల్లలు చెవుడుతో, గుండె లోపాలతో పుట్టినప్పుడు టీకా అవసరాన్ని గట్టిగా చెప్పింది. 1962లో జోసెఫ్ బటర్‌ఫీల్డ్ అనే డాక్టరు ఆమె పేరులోని అయిదు ఇంగ్లీషు అక్షరాలకే ఆ అయిదు పరీక్షలను అమర్చి, విద్యార్థులు గుర్తు పెట్టుకునే సూత్రంగా మార్చాడు.

పెళ్ళి చేసుకోలేదు. వయొలిన్, వయోలా, చెల్లో వాయించేది, తానే తయారు చేసేది కూడా. 1957లో ఆసుపత్రి టెలిఫోను గదిలోని చెక్క పలక వయోలాకు బాగా పనికొస్తుందని ఆమె స్నేహితురాలు కార్లీన్ హచిన్స్‌కు తోచింది. అడిగితే ఇవ్వలేదు. ఇద్దరూ కలిసి ఒక రాత్రి పోయి, దాని బదులు వేరే పలక పెట్టి అది పట్టుకొచ్చారు! ప్రొఫెసరమ్మ బయట కాపలా! సంచిలో మాత్రం ఎప్పుడూ ఊపిరి గొట్టం, చిన్న చాకు ఉండేవి, దారిలో ఎవరికి ఊపిరి ఆగినా ఉపయోగపడతాయని.

1974 ఆగస్టు 7న, 65 ఏళ్ళ వయసులో, తాను చదివి పనిచేసిన న్యూయార్కు ఆసుపత్రిలోనే కాలేయ వ్యాధితో చనిపోయింది. 1994లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. ఆ సభలో ఆమె తయారు చేసిన వాయిద్యాలను వాయించారు.

ఆమె చెప్పిన పాఠం మన గడప దాకా కూడా వచ్చింది. పాత ఆదిలాబాదు జిల్లాకు ప్రాణహిత అవతలి ఒడ్డున గడ్చిరోలి ఉంది. అక్కడ సిరొంచ వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళు ఉన్నాయి. ఆ జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్ళలో పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చి, కాన్పు దగ్గర ఉండి బిడ్డ ఊపిరి చూడడం, తీయకపోతే మాస్కుతో గాలి ఇవ్వడం నేర్పారు. 1995 నుంచి మూడేళ్ళలో ఆ ఊళ్ళలో నెలలోపు పిల్లల చావులు, పోల్చి చూసిన ఊళ్ళకంటే 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చు వేసింది. కొద్దిపాటి చదువుతోనే పల్లె స్త్రీలు చేసిన పని అది. 2009లో మన దేశంలో నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో కాన్పు చేసే సిబ్బందికి ఇదే విద్య నేర్పడం మొదలైంది.

మిత్రులారా, మనలో అందరం డాక్టర్లం కాలేము. కాని మనలో చాలామంది ఇండ్లల్లో ఏటా ఒక కాన్పు జరుగుతుంది. నెలలు నిండకముందే నొప్పులు వస్తే పొలం పని చూసుకుని పోదామని ఆగకుండా, పిల్లల ఐ.సి.యు. ఉన్న దవాఖానకు ముందే తీసుకుపోవాలి. సమయం దొరికితే తల్లికి ఇచ్చే ఇంజెక్షన్లతో కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. 1972లోనే న్యూజిలాండ్ డాక్టర్లు లిగిన్స్, హోవీ దీన్ని చూపారు. పుట్టిన బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి. ఆశా కార్యకర్త ఇంటికి వస్తే బిడ్డను చూపించాలి. ఇంత తెలిస్తే చాలు.

బిడ్డ పుట్టగానే ఆడా మగా అని అడగడం మన అలవాటు. ఊపిరి తీసిందా అని ముందు అడగమని ఆప్గార్ నేర్పింది.